ఐసు పడని నాలుగు రోజులు

మే నెల పదకొండు రాత్రి
ఫ్రిజ్ల ఐసు పడ్డ సప్పుడు ఇనరాలే.
గులకరాళ్ళ సంచి బోర్లేసినట్టు
గంటకో గంటన్నరకో పడేది.
అలవాటైన చెవికి
సప్పుడు లేకుంటెనే మెలకువొస్తది.

తెల్లారి నకిరేకల్ బస్టాండు కాడ
నా బండి ముందు నిలబడ్డోళ్ళకు
గలగల లేని నిమ్మషర్బతిచ్చిన.
ఒకాయన సగం తాగి, గ్లాసు నా దిక్కు జరిపి
మాట్లాడకుంట బస్సెక్కిండు.
తిట్టినా బాగుండు.

ఫ్రిజ్ నేను కొన్నది గాదు.
ఎల్బీనగర్ల ఫ్లాటు ఖాళీ చేసినోళ్ళు
ట్రాలీ కిరాయి దండుగని వదిలేసి పోతే
మా తమ్ముడు పరమేశు ఎక్కించుకొచ్చిండు.
రెండు తలుపులు,
దానంతట అదే ఐసు చేసే డబ్బ.
ఊక సంచిల గడ్డ మోసుడు
ఆ ఏడుతోటి తప్పింది నా నడుముకు.

గౌసన్నకు ఫోన్ చేసిన.
సూర్యాపేటల ఎవరి మిద్దె మీదనో
ఏసీకి గ్యాసు పడుతున్నడు, ఒకటే గాలి హోరు.
"పక్కన వంకర తీగె ఉంటది జూడక్కా,
పైకి లేసి ఉందా?"
ఉన్నది.
బళ్ళె పిల్ల చెయ్యెత్తినట్టున్నది.
"చెయ్యెత్తిందంటె డబ్బ నిండింది, చాలన్నట్టు.
కిందికి దించు."
ఉత్త డబ్బ ముందట పెట్టుకోని
చాలంటరా ఎవరన్న?
అంటరు. మా అమ్మ అనేది, అన్నం గిన్నె కాడ.

దించిన. ఒక రోజు ఆగుమన్నడు, ఆగిన.
పడలే.

"లోపట సలి తక్కువున్నదేమో."
నేనే తక్కువ చేసిన, కరెంటు బిల్లుకు భయపడి.
మల్ల తిప్పిన.
మల్ల ఒక రోజు.

"ఎనక పైపు మడత పడ్డదా?"
నేను, మా హారిక, చెరో మూల పట్టి గుంజితే
గోడకు దానికి నడుమ
రెండు రూపాయల బిళ్ళ, ఎండిన బల్లి,
మూడేండ్ల కింద పోయిందని
నేను ఆడబిడ్డను అనుమానించిన చెవికమ్మ.
పైపు మాత్రం సక్కగనే ఉంది.
కమ్మను కొంగుకు ముడేసుకున్న.
ఎప్పుడన్న చెప్పాలె ఆమెకు.

నాలుగో రోజు గౌసన్న గొంతు మారింది.
"ఇగ వాల్వే అక్కా. పన్నెండు వందలు.
నేనొచ్చేది శనివారం."

శనివారందాక నిమ్మకాయలాగుతయా?
బస్తల అడుగువి అప్పుడే మెత్తబడ్డయి.
సైకిల్ షాపుల పానా అడుక్కొచ్చి
ప్లగ్గు పీకి, నల్ల బందు జేసి
పైపు మొదలు ఇప్పిన.
లోపట గోరంత జల్లెడ.
జల్లెడ ఏడుంది, అంతా తెల్లరాయి.

కృష్ణ నీళ్ళ పైపు పగిలి
పదిహేను రోజులు ట్యాంకుకు బోరు మలిపినం.
పదిహేను రోజులకే గింత.
నేను ఆ నీళ్ళు తాగింది పంతొమ్మిదేండ్లు,
చండూరు అవుతల, మా తల్లిగారూర్ల.

స్టీలు గిన్నెల నాలుగు కాయలు పిండి
జల్లెడను అండ్ల వేసిన.
సన్న బుడగలు లేసినయి,
సోడ కొట్టినట్టు.
హారిక చెంపలానిచ్చి ఇన్నది:
"అమ్మా, గుసగుస పెడుతుంది."
గంటకు రాయి కరిగింది,
జల్లెడ కన్నాలు కన్నాలే తేలినయి.

పదో తరగతి ఫోటో దిగే పొద్దు
నేను గూడ పండ్లకు నిమ్మచెక్క రుద్దుకున్న.
చిగుళ్ళు మండినయి.
గోధుమరంగు చారలు అట్లనే ఉన్నయి.
ఫోటోల నేను నోరు మూసుకోనున్న,
పక్కపిల్ల భుజం మీద చెయ్యేసి.

ఆ రాత్రి బిగించినంక
గోడ ఎనక సుయ్యిమని నీళ్ళెక్కినయి.
ఇద్దరం చాప మీద పండుకోని కాసుకున్నం.
పిల్ల ముందుగాల నిద్రవోయింది.
రెండు దాటినంక పడ్డది.
లేపుదామనుకున్న, లేపలే.

మొదటి డబ్బ పారబోయాలన్నడు గౌసన్న.
పారబోయలే. తొట్టిల పోసి
పొద్దుగాల కాళ్ళు పెట్టినం, కేకలేసినం.

శనివారం ఆయనొచ్చిండు,
కొత్త వాల్వు సంచిల్నే ఉన్నది.
పెద్ద గ్లాసు షర్బతిచ్చిన.
ఐసు ముక్కలన్నీ
పచ్చి పల్లికాయ లెక్క కరకర నమిలిండు.
"నువ్వు తాగవా అక్కా?"
తాగుత.
ఐసు లేకుంట.
నా పండ్లకు సలి ఆగది.